ఇంటర్వెల్ దాటని నాన్న

సినిమాల్లోకి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు గుడివాడలో మా ఇంటికి అప్పుడప్పుడూ వస్తుంటారు. బందరు నుంచి, చల్లపల్లి నుంచి, అవనిగడ్డ అవతలి పల్లెటూళ్ళ నుంచి కూడా బస్సులు మారి వస్తారు పాపం. ఫోన్లో తాము చేసిన వీడియోలు చూపిస్తారు. కోపం ఎలా చూపించాలి సార్, గ్లిజరిన్ లేకుండా ఏడవడం ఎలా సార్ అని అడుగుతారు. నాకు తోచింది చెప్పి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగించి పంపిస్తాను. చావడం ఎలా అని మాత్రం ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. నాకు క్షుణ్ణంగా వచ్చిన విద్య అదొక్కటే.

నా పేరు చెప్పినా మీకు తెలియదు కాబట్టి చెప్పను. మొహం చూస్తే గుర్తుపడతారు. పరిషత్తు నాటకాల్లో జమీందారులూ జడ్జీలూ వేసి, గొంతు బాగుందని నలుగురూ అంటే నమ్మి హైదరాబాదు బస్సెక్కినవాణ్ణి. సినిమావాళ్ళకి నా గొంతుతో పని పడలేదు. నా మొహంలో త్వరలో పోబోయే మనిషి కళ ఉందని ఒక దర్శకుడు కనిపెట్టాడు. ఆనాటి నుంచి వేషాలు మానేసేదాకా హీరోకి నాన్ననే. వస్తూనే కొడుక్కి నాలుగు మంచి మాటలు చెప్పడం, తర్వాత కాసేపు దగ్గడం, ఇంటర్వెల్ లోపు వెళ్ళిపోవడం. సెట్లో నా వెనకాల ‘ఇంటర్వెల్ నాన్నగారు’ అనేవారని నాకు తెలుసు. బస్సులో పక్క సీటు పెద్దమనిషి నా మొహంలోకి తేరిపార చూసి, "మీరు ఆ పోయే ఆయనే కదండీ?" అని అడిగేవాడు. అవునండీ, ఆ పోయే ఆయన్నే అని ఒప్పుకునేవాణ్ణి.

చావడం తేలికని చూసేవాళ్ళు అనుకుంటారు. పొట్ట కదలకుండా ఊపిరి తీసుకోవాలి. ఈగ ముక్కు మీద వాలి తీరిగ్గా చేతులు నలుపుకుంటున్నా ఓర్చుకోవాలి. వీటన్నిటికంటే కష్టం హీరో. ఆయన "నాన్నా!" అని గావుకేక పెట్టుకుంటూ వచ్చి గుండెల మీద పడతాడు. రోజూ జిమ్ముకెళ్ళే ఒళ్ళు, ఇటు చూస్తే నేను బక్కవాణ్ణి. ఆ కేకకి కొత్తవాడి కనురెప్ప అదురుతుంది. నా మొదటి చావులో నాకూ అదిరింది. అంతమంది ముందు ఆ దర్శకుడు, "శవానికి అంత కుతూహలం ఏంటయ్యా?" అన్నాడు. ఆ సిగ్గుతో నేర్చుకున్నాను. అప్పట్నుంచి "నాన్నా" అన్న కేక చెవిన పడితే చాలు, నా రెప్పలు గొళ్ళెం పెట్టినట్టు బిగుసుకునేవి. ‘కట్’ అనేదాకా దేవుడొచ్చి పిలిచినా తెరుచుకునేవి కావు.

మా సినిమావాళ్ళకి ఒక ఆచారం ఉంది. శవంగా నటించినవాణ్ణి షాటు కాగానే అలా వదిలెయ్యరు. దిష్టి తీస్తారు. తర్వాత లేపి కూర్చోబెట్టి, కెమెరా నడుస్తుండగా ఒకసారి నవ్వమంటారు. చచ్చినవాడు చివరికి నవ్వుతూ కెమెరాలోకి ఎక్కితే దోషం పోతుందని నమ్మకం. ఆ నవ్వు ఏ సినిమాలోనూ చూపించరు. ముక్కులో దూది, మెడలో దండ, మొహాన ఇంత నవ్వు. నా నటనంతటిలోకీ నాకు నచ్చింది అదే, ఏ ప్రేక్షకుడూ చూడలేదు.

ఈ సంగతి మా ఆవిడకి పెళ్ళయిన కొత్తలో గొప్పగా చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. నేనెక్కడ షూటింగులో ఉన్నా, పోయే సీను ఉన్న రోజు సాయంత్రానికల్లా ఫోను చేసేది. భోంచేశారా అని కాదు, ఒంట్లో ఎలా ఉందని కాదు. "నవ్వారా?" అని అడిగేది. నవ్వానంటే పెట్టేసేది.

మొదట్లో నా సినిమాలు అందరికంటే ముందు ఆవిడే చూసేది. నేను పోయే సీను రాగానే కళ్ళు మూసుకుని, పక్కావిడని "అయిపోయిందా అండీ?" అని అడిగి తెరిచేది. ఒక సినిమాలో తెర మీద నా భార్యకి గాజులు తీయించే సీను పెట్టారు. ఆ ఒక్క దానికి కళ్ళు మూసుకోవడం ఆలస్యమైంది. ఇంటికి వస్తూ దార్లో రిక్షా ఆపించి, మోచేతుల దాకా గాజులు కొనుక్కుని వేసుకుంది. మళ్ళీ నా సినిమాకి రాలేదు. "మీరు బాగా చేస్తారట, అందరూ చెబుతున్నారు. నాకు చూడ్డం చేతకాదండీ" అంది. చాదస్తమని నేను చాలా ఏళ్ళు ఆటపట్టించాను.

తర్వాత ఒకనాడు నాకు నిజంగానే గుండె నొప్పి వచ్చింది. విజయవాడ తీసుకెళ్ళి స్టెంటు వేశారు. తెలివొచ్చి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఆవిడ కూర్చుని ఉంది. నేను అలవాటు కొద్దీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇక ఆటపట్టించడం మానేశాను.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం మందులిస్తూ అంది. "ఇంతమందికి నాన్నయ్యారు. ఒక్కడి పెళ్ళన్నా చూశారా? ఒక్క సినిమాలో చివరిదాకా ఉండండి. నేను హాల్లో కూర్చుని, కళ్ళు మూసుకోకుండా మొత్తం చూస్తాను. ఆ తర్వాత వేషాలు మానేసి ఇంటిపట్టున ఉండండి."

డాక్టరు కూడా మానెయ్యమనే అన్నాడు. అంటే నాకు మిగిలింది ఒక్క సినిమా. అందులో నేను బతకాలి. ఇన్నేళ్ళలో ఏ నిర్మాతనీ ఏమీ కోరనివాణ్ణి, ఇది మాత్రం పట్టుబట్టి కోరుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక కుర్ర దర్శకుడు హైదరాబాదు నుంచి గుడివాడ దాకా వచ్చి కథ చెప్పాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి కథ. ఆయన తుపానులో చిక్కుకుంటాడు. కొడుకు ఒడ్డున ఎదురుచూస్తుంటాడు. ఆ తండ్రి వేషం నాది. కథంతా విని ఒకటే అడిగాను. "బాబూ, చివర్లో నేనుంటానా?"

"క్లైమాక్సే మీది సార్. మీరు బోటు మీద తిరిగొస్తారు, కొడుకు ఎదురొస్తాడు, సినిమా అయిపోతుంది" అన్నాడు.

లోపల్నుంచి కాఫీ బదులు పాయసం వచ్చింది. అతను వెళ్ళీ వెళ్ళగానే వీధి వీధంతా మా ఆవిడ వార్త చేరవేసింది. చల్లపల్లిలో ఉన్న వాళ్ళ చెల్లెలికి ఫోను చేసి, "మీ బావగారు ఈసారి పోవట్లేదే" అని చెప్పడం నా చెవులారా విన్నాను. అటు నుంచి అభినందనలు కూడా వచ్చాయి.

షూటింగు బందరు పక్కనే, గిలకలదిండి చేపల రేవులో. బందరు లాడ్జిలో దిగి, పొద్దున్నే కారులో హార్బరుకి వెళ్ళేవాళ్ళం. ఒక పక్క మా కెమెరా, ఇంకో పక్క చేపల వేలం. వేలం కేకల ముందు మా హీరో డైలాగులు వినబడేవి కావు. ఎలాగూ తర్వాత స్టూడియోలో డబ్బింగు చెప్పేదే కాబట్టి, ఎవరి అరుపులు వాళ్ళవని వదిలేశారు. కో-డైరెక్టరు నా ఈడువాడు, నాటకాల రోజుల నుంచీ స్నేహితుడు, నన్ను "బావా" అనేవాడు. మేకప్ మనిషి కూడా పాతవాడే. నా మొహానికి ఇన్నేళ్ళుగా బూడిద రంగు పూసీ పూసీ, ఈసారి ఆరోగ్యం పూయమంటే చెయ్యి తడబడుతోందనేవాడు.

సగం సినిమా అయ్యాక, తీసినంతవరకూ హైదరాబాదులో డబ్బు పెట్టిన పెద్దలు చూశారు. మర్నాడు దర్శకుడు నా దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని, రెండు చేతులూ పట్టుకున్నాడు. అలా పట్టుకున్నారంటే ఏం రాబోతోందో నాకు తెలుసు.

"సార్, తప్పుగా అనుకోవద్దు. సెకండాఫ్‌లో ఎమోషన్ చాలట్లేదంటున్నారు. మీరు పోతే సినిమా నిలబడుతుంది సార్."

"మరి తిరిగొస్తానన్నారు కదా బాబూ?"

"వస్తారు సార్. బోటు వస్తుంది, అందులో మీ బాడీ వస్తుంది." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు పోతే ఎంత బాగుంటుందో తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తోంది సార్. మీలా ఇంకెవరూ పోలేరు."

నా మొహం మీద నేను పోతే బాగుంటుందని ఇంత ప్రేమగా అన్నవాడు ఇతనొక్కడే. నటుడన్నాక దర్శకుడు చంపితే చావాలి. మా ఆవిడకి మాటిచ్చానయ్యా, నన్ను బతకనివ్వు అని చెబితే సెట్టంతా నవ్వుకుంటుంది. సరేనన్నాను.

ఆ సాయంత్రం లాడ్జి వరండాలోంచి ఇంటికి ఫోను చేశాను. సంగతి చెప్పాను. పోట్లాడుతుందనుకున్నాను. "సరే లెండి, వాళ్ళ కథ వాళ్ళిష్టం. నవ్వడం మర్చిపోకండి" అంది. పోట్లాడి ఉంటేనే నయం. నాకు చాలా బాధేసింది.

చావు రోజు రానే వచ్చింది. హీరో ఒడ్డున నిలబడి దూరంగా వస్తున్న బోటుని చూసే షాటు ముందురోజే తీసేశారు. ఆ బోటు జెట్టీకి చేరడం, కొడుకు అందులోకి దూకడం, శవాన్ని చూడటం మిగిలాయి. సాయంత్రంతో హీరో కాల్షీట్లు అయిపోతాయి. మర్నాటి నుంచి ఆయన వేరే సినిమాలో ఉండాలి. నీళ్ళలో నానిన శవంలా మేకప్ మనిషి నా మొహానికి నీలం రంగు వేశాడు. ఇప్పుడు చెయ్యి తడబడలేదు.

మేము అద్దెకి తీసుకున్న బోటు ఒకావిడది. నలభై దాటి ఉంటాయి. భర్త ఆ బోటుకి సరంగు, అంటే నడిపే మనిషి. లావాదేవీలన్నీ ఆవిడ చేతిలో. రోజూ జెట్టీ మీద స్టూలు వేసుకుని, మేము బోటుకి గీతలు పడకుండా వాడుతున్నామా లేదా అని కాపలా కాసేది. ఆ రోజు నన్ను చూసి లేచి దర్శకుడి దగ్గరికి వచ్చింది.

"డైరెక్టరుగారూ, ఆ పెద్దాయన మొహానికి ఆ నీలం రంగేంటండీ?"

"సముద్రంలో చనిపోతారమ్మా. శవం వస్తుంది."

"వస్తే వచ్చింది. దేని మీద వస్తుంది?"

"బోటు మీదే."

"ఎవరి బోటు మీద?"

దర్శకుడికి అప్పుడు అర్థమైంది. "నటనే కదమ్మా" అన్నాడు.

"నటనని మీకు తెలుసు, నాకు తెలుసు. బోటుకేం తెలుసండీ?"

కో-డైరెక్టరు కల్పించుకున్నాడు. దిష్టి తీయిస్తామన్నాడు, షాటు కాగానే నవ్విస్తామన్నాడు, దోషమేమీ మిగలదన్నాడు.

"ఆయన నవ్వితే ఆయన దోషం పోద్దేమో. రేపు ఈ బోటెక్కి వేటకెళ్ళేది మా వాళ్ళండీ. శవం ఎక్కిన బోటు అని తెలిస్తే ఒక్కడు కాలు పెట్టడు, మా ఆయనతో సహా. కొట్టుకుంటారా, కొట్టుకోండి. ఏడుస్తారా, ఏడవండి. శవం మటుకు ఎక్కడానికి లేదు."

మేనేజరు అద్దె పెంచుతామని ఏదో అనబోయాడు. ఆవిడ వాడి వైపు చూసిన చూపుకి వాడు మాట మింగేశాడు. పక్క బోట్లవాళ్ళని అడిగారు. వాళ్ళు ఆవిడ అన్నదే అన్నారు, ఇంకాస్త గట్టిగా అన్నారు. ఒడ్డు మీద చంపుదామంటే, బోటు వస్తున్నట్టు హీరో చూసేశాడు. బోటు వచ్చాక అందులో ఎవరో ఒకరు ఉండాలి కదా. నిన్నటి షాటు మళ్ళీ తీద్దామంటే హీరోకి టైము లేదు.

నా చావుబతుకుల మీద అంత చర్చ జరుగుతుంటే నేను నీలం మొహంతో, గొడుగు కింద, కుర్చీలో కూర్చుని ఉన్నాను. పైకి దర్శకుడి కోసం విచారంగా మొహం పెట్టాను. లోపల గుండె ఎలా కొట్టుకుంటోందంటే, స్టెంటు వేసిన డాక్టరు గుర్తొచ్చాడు. చివరికి దర్శకుడు తల పట్టుకుని నా వైపు తిరిగాడు.

"సార్, పోనీ మీరు బతికొస్తే ఎలా ఉంటుందంటారు?"

"కథకి ఇబ్బందవుతుందేమో బాబూ" అన్నాను పెద్దమనిషి తరహాలో. కో-డైరెక్టరు చెప్పు కాలితో నా పాదం తొక్కాడు. "మీరెలా అంటే అలాగే" అని వెంటనే సర్దుకున్నాను.

నీలం రంగు తుడిచేశారు. సీను తేలిక. నేను బోటులో స్పృహ తప్పి పడి ఉంటాను. కొడుకు దూకి వచ్చి "నాన్నా!" అంటాడు. నేను కళ్ళు తెరిచి, "వచ్చాన్రా" అంటాను. పసిపిల్లాడైనా చేస్తాడు.

నాకు చేతకాలేదు. హీరో "నాన్నా!" అని అరిచాడు. నా రెప్పలు బిగుసుకుపోయాయి. ‘కట్’ అన్నాక తెరుచుకున్నాయి. టెన్షను సార్, పర్లేదు అన్నారు. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. పొట్ట కూడా కదలట్లేదని కెమెరామన్ మెచ్చుకోలుగా అన్నాడు. ఈసారి "నాన్నా" అనకుండా "అయ్యా" అనమన్నారు హీరోని. కుర్రాడు మంచివాడే, అలాగేనన్నాడు. కానీ ఎమోషన్ రాగానే అలవాటు కొద్దీ వాడూ "నాన్నా" అనే అరిచాడు. ఇన్నేళ్ళుగా నేను పోతూ వచ్చాను, వాడు చిన్నప్పట్నుంచి అలాంటి సినిమాలు చూస్తూ వచ్చాడు. ఇద్దరం ఆ కేకకి అలవాటు పడిపోయాం. ఎండ వాలిపోతోంది. ఎంత తెరుద్దామనుకుంటే అంత మూసుకుపోతున్నాయి. బతకడానికి వచ్చిన ఒక్క అవకాశం చేజారిపోతోందని నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంకో టేకు మొదలైంది. హీరో దూకాడు, అరిచాడు, నా మీద పడి కుదిపాడు. నేను కట్టెలా పడి ఉన్నాను. ఇంతలో జెట్టీ మీంచి ఒక్క గావుకేక.

"ఓ పెద్దాయనా! శవాన్ని ఎక్కనివ్వనన్నానని దొంగచాటుగా ఎక్కి పడుకున్నావా? లేస్తావా లేదా? లేచి ముందు నా బోటు దిగు!"

హడలిపోయి లేచి కూర్చున్నాను. ఎక్కడున్నానో తెలియలేదు. ఎదురుగా హీరో మొహం కనబడింది. "వచ్చాన్రా" అన్నాను. నిజానికి ఆ మాట ఆవిడకి చెప్పాను, బోటు దిగడానికి వచ్చేస్తున్నానని. హీరో నన్ను వాటేసుకున్నాడు. దర్శకుడు ‘ఓకే’ అని అరిచి, పరిగెత్తుకుంటూ వచ్చి, చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి కళ్ళల్లో భయం ఎలా ఉండాలో అలాగే చూపించారు సార్ అన్నాడు. ఆ భయం ఎవరి వల్లో నేను చెప్పలేదు.

మేకప్ మనిషి మామూలుగా దిష్టి సామాను పట్టుకొచ్చాడు. కో-డైరెక్టరు వాణ్ణి వెనక్కి పంపించి, "ఈయన పోలేదురా, తీసుకెళ్ళు" అన్నాడు. సాయంత్రం ఫోను మోగింది.

"నవ్వారా?"

"లేదు. అవసరం పడలేదు."

అవతల చిన్నగా ముక్కు ఎగబీల్చిన శబ్దం వినబడింది.

డబ్బింగులో ఆ "వచ్చాన్రా" చెప్పి, అందరికీ దండం పెట్టి, గుడివాడ వచ్చేశాను. సినిమా విడుదలైన రోజు మ్యాట్నీకి మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది. పెళ్ళికా అని అడిగాను. "మీ అబ్బాయి పెళ్ళి ఉందేమో, ఎవరికి తెలుసు? ఇన్నాళ్ళకి చూడబోతున్నారు" అంది. ఇంటర్వెల్ దాటింది. నేనింకా ఉన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి గర్వంగా చూసి, పాప్‌కార్న్ కొనమంది. తర్వాత నేను వేటకెళ్ళాను. తుపాను వచ్చింది. ఆవిడ రెండు చేతులూ కుర్చీ పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఒడ్డున హీరో నిలబడ్డాడు. దూరంగా సముద్రం మీద చుక్కలా బోటు కనబడింది. హీరో నవ్వాడు. సంగీతం వచ్చింది. తెర నల్లబడి పేర్లు పడటం మొదలైంది.

నా సీను లేదు. కత్తిరించేశారు. ఇప్పుడు అలా వదిలెయ్యడమే ఫ్యాషనని, పెద్దలకి అలాగే నచ్చిందని దర్శకుడు తర్వాత ఫోనులో చెప్పి బాధపడ్డాడు. అప్పటికి నాకు అదేమీ తెలియదు. జనం లేచి పోతున్నారు. లైట్లు వేశారు. చీపురుతో ఒకతను వచ్చి ముందు వరసలు ఊడవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

"పదవోయ్, అయిపోయింది" అన్నాను.

"ఆగండి. మీరింకా రాలేదు కదా."

"తీసేశారనుకుంటా."

తెర వైపే చూస్తూ కాసేపు ఆలోచించింది. "చచ్చిపోయినట్టు చూపించలేదుగా?"

"లేదు."

"నాకేమీ గాజులు తీయించలేదుగా?"

‘నాకు’ అని ఆవిడ అనడం నేను విన్నాను, అన్న ఆవిడ వినలేదు. "లేదు" అన్నాను.

"బోటు అయితే వస్తోంది. నేను కళ్ళారా చూశాను. ఖాళీ బోటు దానంతటది రాదు కదండీ" అని లేచి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, మెట్ల వైపు నడిచింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కన్నీళ్ళు పెట్టుకోవడం నా వృత్తి. ఆ రోజు వద్దనుకున్నా ఆగలేదు. మొహం తుడుచుకోవడానికి కాస్త వెనకపడ్డాను.

మెట్ల దగ్గర మా వీధావిడ ఎవరో ఆపి, "ఏంటి వదినా, అన్నయ్యగారు ఈసారి కూడా పోయినట్టేనా?" అని అడిగింది.

మా ఆవిడ వెనక్కి తిరిగి నా కోసం చూసింది. "లేదమ్మా, వస్తున్నారు. దార్లో ఉన్నారు" అంది.